మూడు లైన్ల డబ్బా

నేను చెప్పవలసింది నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలకు ఏళ్ళు పట్టింది.

నా భార్య పోశవ్వ కడుపునొప్పితో పోయింది. రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ చేశారు. పొద్దున నడుచుకుంటూ పోయిన మనిషికి పొద్దుగూకేసరికి బట్ట కప్పారు. అప్పుడు నేను గనిలో డ్యూటీలో ఉన్నాను. గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. పైకి వచ్చి ల్యాంపు అప్పజెప్పుతుంటే చెప్పారు.

వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. జిల్లాలో ఓడిపోయాను. హైదరాబాదులో పై కమిషన్‌కు పోయాను. ఈలోగా నేను రిటైరయ్యాను, నా ఊపిరితిత్తులు నాకంటే ముందే రిటైరయ్యాయి. వాడ చివరి బోరింగు దాకా నడిస్తే కూచోవడానికి అరుగు వెతుక్కోవాలి. బస్సెక్కి పట్నం పోయే మనిషిని కాను. మా వకీలు జగదీశ్వర్ దరఖాస్తు పెట్టి, నన్ను వీడియోలో విచారించేటట్టు ఒప్పించాడు.

మొదటిసారి నా ముఖం కనిపించింది, మాట వినిపించలేదు. రెండోసారి మాట వినిపించింది, సగంలో తెగింది. జవాబులు చెప్పలేక తప్పించుకుంటున్నాడని అవతలి వకీలు అన్నాడట. మూడోసారి ఆఖరు అన్నారు. ఈసారి లైను తెగితే నా మాట లేకుండానే కేసు ముగిస్తారు.

లైను తెగకుండా ఉండే చోటు కాదు మాది. మా వాడకు ఒక పక్క బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గుంత. ఒక పక్క ఆ గుంతలోంచి తీసి పోసిన మట్టిగుట్ట. మూడో పక్క బొగ్గు లారీల రోడ్డు. నాలుగో పక్క నుంచి రామగిరికి బాట ఉంది, గట్టి వానొస్తే అదీ ఉండదు. గని కోసం ఊరు లేపుతామని కంపెనీ చెప్పి చాలా కాలమైంది. లేపే ఊరికి ఎవరూ కొత్త స్తంభం వెయ్యరు, కొత్త తీగ గుంజరు, ఇల్లు కూలితే ఇంటివాడే కట్టుకోడు. ఊరు లేవనూ లేదు, ఉన్నట్టూ లేదు. మేం అందులో ఉన్నాం.

ఎదురింటి ముష్తాక్ ఒకప్పుడు సెంటినరీ కాలనీలో మోటార్లు చుట్టేవాడు. ఇప్పుడు మా పక్క నాలుగు వాడలకు కేబుల్ నెట్ నడుపుతున్నాడు. రెండోసారి తెగిన రోజు నా పక్కనే ఉన్నాడు.

"కాకా, నీ సిమ్ముతోని ఇది కాదు," అన్నాడు. "నీ సిమ్ము సైకిలు. నా కేబులు ఆటో. వీడియోకు లారీ ఉండాలె."

"లారీ ఎక్కడ తెస్తవ్?"

"లారీ దొరకది. సైకిలును, ఆటోను కలిపి కడ్త."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గోదావరిఖని పోయి ఒక డబ్బా తెచ్చాడు. మన టిఫిన్ గిన్నె మూతంత ఉంది. వెనక మూడు బొక్కలు, ముందు మూడు దీపాలు. ఒక్కొక్క బొక్కకు ఒక్కొక్క లైను పెడితే, అన్నిటినీ కలిపి ఇంట్లోకి ఒకే వైఫై ఇస్తుందన్నాడు. నా సిమ్మును వేరే చిన్న డబ్బాలో వేసి ఒక బొక్కకు తగిలించాడు. వాళ్ళింటి నుంచి కేబుల్ వైరు రోడ్డు దాటించి రెండో బొక్కకు పెట్టాడు. ఫోనులో స్పీడు ముల్లు చూపించాడు. ముందు ఒక్క లైనుతో, తర్వాత రెండు లైన్లతో. ముల్లు బాగా పైకి లేచింది.

నేను చాలా కాలం గనిలో హాలేజీ దగ్గర చేశాను. బొగ్గు టబ్బులను గుంజే ఇనప తాడు నా ముందర నుంచే పోయేది. ఆ తాడులో పేటలు పేటలుగా తీగలు పేని ఉంటాయి. ఒక తీగ తెగితే తాడు తెగదు. మిగతావి పట్టుకుంటాయి.

"తాడు పేనినట్టే గదా," అన్నాను.

"అట్ల కాదు కాకా. పేనాల్నంటే అవుతల పట్నంల ఇంకో మిషిను ఉండాలె, అక్కడ మళ్ల విప్పాలె. అది పెద్ద కంపెనీలోల్ల కథ. ఇది మూడు తాళ్ళు పక్కపక్కకు ఏసినట్టు. ఒకటి తెగితె టబ్బును ఇంకోదానికి తగిలిస్తది."

నేను సగమే విన్నాను. నా కళ్ళు ముల్లు మీద ఉన్నాయి.

ఆ సాయంత్రం జగదీశ్వర్‌కు వీడియో కలిపి చూశాం. కాసేపు బాగానే వచ్చాడు. తర్వాత నోరు తెరిచి ఉండగానే ఆగిపోయాడు. కొండనాలుక కనిపిస్తోంది, మాట లేదు.

ముష్తాక్ డబ్బాను తిప్పి వెనక్కి చూశాడు. "మూడో బొక్క ఖాళీగున్నది కాకా," అన్నాడు.

ఎవరి లైను గురించి అంటున్నాడో నాకు తెలుసు. వాడలో మూడో లైను ఒక్కటే ఉంది. లారీల రోడ్డు వెంట పోయే ఫైబర్ నుంచి ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో గానీ గట్టయ్య ఇంటికి గుంజించుకున్నాడు.

గట్టయ్య నా బామ్మర్ది. పోశవ్వకు తమ్ముడు. మా రెండిళ్ళూ ఒకే ఇల్లు. మామకు ఆరోగ్యం చెడి గని పని విడిచినప్పుడు ఆ నౌకరీ కొడుక్కి రావాలి. కొడుకు చిన్నవాడు. అల్లుణ్ణి, నాకు వచ్చింది. నేను ఇల్లరికం వచ్చాను. గట్టయ్య పెద్దవాడై కూలికి పోయాడు. మామ పోయాక ఇంటి నడుమ అడ్డగోడ లేచింది. పెంకుల దాకా కట్టలేదు. పైన మూరెడు సందు ఉంది. వాళ్ళ పోపు ఘాటు మాకు వస్తుంది, నా దగ్గు వాళ్ళకు పోతుంది.

ఆ రోజు పోశవ్వను దవాఖానకు తీసుకుపోయింది గట్టయ్యే. వెంట ఉన్నది గట్టయ్యే. దవాఖానవాళ్ళు కోర్టులో చెప్పింది ఇది: 'రోగిని ఇక్కడ కాదు, కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పాం. వెంట వచ్చినవాళ్ళు వద్దని, ఇక్కడే చెయ్యమన్నారు.'

గట్టయ్య శవం ముందర కూచుని నాతో చెప్పింది ఇది: "ఎవలు ఏం చెప్పలే బావ. లోపటికి గూడ రానియ్యలే."

ఆ మాటే కోర్టులో చెప్పమన్నాను. చెప్తానన్నాడు. ఏడాది తిరగకముందే అతని బిడ్డ దీపకు అదే దవాఖానలో, ల్యాబులో పని దొరికింది. మళ్ళీ అడిగితే, "నాకు యాదికి లేదు బావ," అన్నాడు. మా మధ్య అదే ఆఖరి మాట. ఆ తర్వాత ఎదురుపడితే నేను గోడ చూశాను, అతను నేల చూశాడు.

"వాని లైనొద్దు," అన్నాను.

"వైరుకేం తెలుసు కాకా, ఎవలిదో?"

"నాకు తెలుసు."

"అయితే జగదీశ్వర్ సార్‌కు ఫోన్ చేసి చెప్పు, కేసొద్దని. నాకూ ఈ నిచ్చెనలెక్కుడు తప్పుతది. పగలంత నీ పెంకుల మీదనే ఉంటున్న. మా అమ్మీ అంటున్నది, బిడ్డా, కోతులకు నీకు ఫరక్ లేకుంటయ్యింది అని."

నేను ఫోను తియ్యలేదు. అతనూ కదల్లేదు. సామాను సర్దుకోలేదు, లేచిపోలేదు.

"వైరు గోడ మీదికెల్లి రానీ," అన్నాను. "మాట రావద్దు."

ముష్తాక్ చుట్టు తిరిగి ఆ ఇంటికి పోయాడు. సందులోంచి వినబడింది. ముందు ముష్తాక్ గొణుగుడు. తర్వాత గట్టయ్య భార్య సారవ్వ. ఆమెకు గొణగడం రాదు.

"నీకేమన్న పిస లేసిందా? ఆయన కోర్టుల నీ పేరే చెప్తడు. నీ మెడకు తాడు నువ్వే అందిస్తవా? రేపు పొల్లను పనిలకెల్లి తీసేస్తె ఎవలు పెడ్తరు?"

గట్టయ్య ఏమన్నాడో వినబడలేదు. అసలు ఏమన్నా అన్నాడో లేదో. కొంతసేపటికి గోడ మీది సందులోంచి నల్లటి వైరు పాములా దిగింది. పట్టుకోవడానికి ఇవతల ఎవరూ లేరు. నేను లేచి పట్టుకోలేదు. ముష్తాక్ తిరిగి వచ్చి తగిలించాడు. మూడో దీపం ముందు ఎర్రగా, తర్వాత ఆకుపచ్చగా వెలిగింది.

"లైను మంచిగున్నది," అన్నాడు ముష్తాక్. "కానీ వాళ్ళ కరెంటు మెయినే మంచిగలేదు. పిడి నిలుస్తలేదు. కట్టెముక్క ఆనిచ్చి పెట్టిన్రు."

"తెలుసు."

ఆ మెయిను నేను బిగించిందే. మామ ఉన్నప్పుడు. స్ప్రింగు పోయి చాలా కాలమైంది. బ్లాస్టింగు గట్టిగా అదిరితే కట్టెముక్క జారి పిడి పడిపోతుంది. టక్కుమని ఆ చప్పుడు నాకు గోడ ఇవతలికి వినిపిస్తుంది.

బ్లాస్టింగు గురించి మాకెవరూ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం గుంతలో సైరన్ మోగుతుంది. మోగగానే పొయ్యి ఆర్పి, మెయిను గుంజి, వాడంతా బోరింగు దగ్గరికి పోయి నిలబడతాం. పేలుళ్ళు అయ్యాక రెండో సైరన్ మోగుతుంది. ఇళ్ళలోకి వస్తాం. వెనకటికి ఒకసారి అదురుకు తీగలు కలుసుకుని వాడలో టీవీలన్నీ కాలిపోయాయి. అప్పటినుంచి మెయిను గుంజకుండా బయటికి వచ్చినవాణ్ణి నలుగురూ తిడతారు. ఇప్పుడు తిట్టవలసిన పని లేదు. చేతికే తెలుసు.

వాయిదా పొద్దుటి పూట అన్నారు. అందుకే సైరన్ మా లెక్కలో లేదు. ముష్తాక్ నా ఇంట్లో డబ్బాకూ ఫోనుకూ ఇన్వర్టర్ పెట్టాడు. కరెంటు పోయినా పర్వాలేదని చెయ్యి దులుపుకున్నాడు. తతిమ్మా రెండు లైన్ల మొదళ్ళు వేరే ఇళ్ళలో, ఆ ఇళ్ళ కరెంటు మీద ఉన్నాయని అతనికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ రోజు పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని కూచున్నాను. ముష్తాక్ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించాడు. వెనక గోడకు ఉన్న పోశవ్వ ఫొటోను కొంచెం ఇటు జరిపితే జడ్జి మేడంకు కనిపిస్తుందన్నాడు. నేను ఆ ఫొటోను తీసి మంచం మీద బోర్లా పెట్టాను. ఏడ్పించి గెలవాలని నాకు లేదు.

ఫోనులో ముందు వేరేవాళ్ళ కేసులు. ఎవరిదో ఫ్రిజ్ చల్లబడదు. ఎవరిదో ఫ్లాటు గోడ కారుతుంది. పెద్ద పెద్ద మాటలతో కొట్లాడుకున్నారు. పెద్దపల్లి నుంచి కావచ్చు, ఎవడో కారులో కూచునే మాట్లాడాడు. వాడి లైను తెగలేదు. జగదీశ్వర్ వేరే ఫోనుకు చేసి, "కదలకు కొమురెల్లీ, ఎప్పుడు పిలుస్తరో తెల్వది," అన్నాడు. కదల్లేదు. మూత్రానికి కూడా లేవలేదు. పన్నెండయింది. ఒంటిగంటయింది. భోజనాల తర్వాత అన్నారు.

ముష్తాక్ తల్లి ఇమాంబీ గిన్నెలో అన్నం పంపింది. నేను ముట్టలేదు. ముష్తాక్ నాదీ తిన్నాడు.

"కోర్టు గెలిస్తె ఏం చేస్తవ్ కాకా?" అన్నాడు తింటూ.

"ఏం చెయ్య."

"గంతేనా?"

"వాళ్ళు చెప్పింది అబద్ధమని రాయాలె. అంతే."

మధ్యాహ్నం బెంచి మళ్ళీ కూచుంది. మొదట పిలిచింది నా కేసే. మేడం కళ్ళద్దాలు సర్దుకుని, "కొమురెల్లి గారూ, వినిపిస్తోందా?" అంది.

"వినవడ్తున్నది మేడం."

"ఈ రోజయినా పూర్తి చేద్దాం."

నిజమే చెప్తానని ప్రమాణం చేయించారు. నోరు తెరిచాను. "మా ఆమె పేరు పోశవ్వ," అన్నాను.

సైరన్ మోగింది.

లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకు తెలియదు. చెయ్యి మెయిను దాకా పోయింది. ముష్తాక్ నా మణికట్టు పట్టుకున్నాడు. "కాకా! కూసో!" అన్నాడు. కూచున్నాను. ఇద్దరం ఒకేసారి డబ్బా వైపు చూశాం. రెండో దీపం ఆరిపోయింది.

మెయిను ఎందుకు గుంజావని ముష్తాక్ కిటికీలోంచి తల్లి మీద అరిచాడు. "అమ్మీ! మెయిన్ కాయ్‌కు గిరాయే?"

బోరింగు వైపు నడుస్తున్న ఇమాంబీ వెనక్కి తిరిగి, అంతకంటే గట్టిగా అరిచింది. "సైరన్ బజా నా రే! నువ్వు గూడ బయటికి రా, పెంకులు నెత్తి మీద పడ్తయి!"

ఫోనులో మేడం ముఖం ఆగిపోయింది. తర్వాత పోయింది. 'మళ్ళీ చేరండి' అని వచ్చింది. టబ్బు ఏ తాడు మీద ఉందో ఆ తాడే తెగింది. మిగతా తాళ్ళు పక్కన ఉన్నాయి, టబ్బు మాత్రం దొర్లిపోయింది. ముష్తాక్ ముందే చెప్పాడు. నేనే వినలేదు.

"సిమ్ము?" అన్నాను.

మొదటి దీపం వెలుగుతోంది. ముష్తాక్ ఫోను చూసి తల కొట్టుకున్నాడు. "వాడంత బోరింగ్ కాడ నిలబడి ఫోన్లు తీసిన్రు కాకా. టవర్ మీద జాగ లేదు. సైకిలు గూడ నడువది."

నిజమే. బ్లాస్టింగు అయ్యేదాకా వేరే పనేముంది? అందరూ ఫోనులు చూస్తారు. నేనూ చూసేవాణ్ణి.

మూడు లైన్లు మూడు కంపెనీలవి. మూడు దారుల్లో వస్తాయి. ఒకటి పోతే ఒకటి ఉంటుందనుకున్నాం. కానీ మూడు ఇళ్ళూ ఒకే సైరన్ కింద ఉన్నాయి.

మూడో దీపం ఇంకా ఆకుపచ్చగా ఉంది.

అది ఆరిపోవాలి. ఈపాటికి సారవ్వ మెయిను గుంజి ఉండాలి. ఆమె వాడలో అందరికంటే ముందు బోరింగు దగ్గరుంటుంది. గోడ మీది సందులోంచి ఆమె గొంతు వినబడింది.

"ఇడువు. బయటికి రా. ఇడువమంటున్న గదా!"

"నువ్వు పో," అన్నాడు గట్టయ్య.

"కట్టె పెట్టి రారాదు?"

"మొన్న కట్టె పెట్టినా పడ్డది. పిడి చెయ్యితోనే పట్టాలె."

"నీ మీద పెంకులు పడ, మతి ఉన్నదా నీకు?" అంటూ ఆమె వాకిట్లోకి పోయింది. కడియాల చప్పుడు దూరమైంది. అవతల గట్టయ్య ఒక్కడే మిగిలాడు. గోడకు అటు అతను, ఇటు మేం.

బయట ఈల వేస్తూ బిక్షం వచ్చాడు. బ్లాస్టింగు వేళ ఎర్రజెండా పట్టుకుని ఇళ్ళు ఖాళీ చేయించేది అతనే. "ఎవలున్నరు లోపట? కొమురెల్లి కాకా, నీకు స్పెషల్‌గ చెప్పాల్నా? లేవు, జల్ది!"

"కోర్టుల ఉన్న," అన్నాను.

"ఏ కోర్టు? ఇంట్ల కూసోని కోర్టంటవేంది? నా నౌకరి తీపిస్తవా?"

"పో బిక్షం."

"పోతె నేను కాదు, నువ్వు పోతవ్!" అన్నాడు. కానీ లోపలికి రాలేదు. పెంకుల కిందికి అతనూ రాడు. ఈల ఊదుకుంటూ రోడ్డు మీదికి పోయాడు. మమ్మల్ని చూడనట్టే జెండా ఊపాడు.

ముష్తాక్ ఫోను అందుకున్నాడు. మూడో లైను మీద మళ్ళీ చేర్చాడు. లోపలికి రానిచ్చేదాకా ఆగమని ఫోను చెప్పింది. ఆగాం. నా ఊపిరి నాకే వినిపిస్తోంది, పాత పంపులాగా. ఎవరూ రానివ్వలేదు. జగదీశ్వర్ వేరే ఫోనులో, "బతిమిలాడుతున్న, బతిమిలాడుతున్న," అంటున్నాడు.

మేడం ముఖం వచ్చింది.

"మళ్ళీ తెగిందా కొమురెల్లి గారూ? ఇంకొకసారి తెగితే నేను ఆగను."

"తెగది మేడం," అన్నాను. ఆ మాట నేను ఎవరిని నమ్మి అన్నానో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

చెప్పాను. పోశవ్వ పొద్దున ఎట్లా పోయిందో, సాయంత్రం నేను వచ్చేసరికి ఎట్లా ఉందో. మొదటి పేలుడు అప్పుడే అయింది. నేల కిందినుంచి ఎవరో తన్నినట్టు అదిరింది. పెంకుల సందుల్లోంచి దుమ్ము నా చొక్కా మీద, ఫోను మీద రాలింది. గోడ అవతల ఒక పెంకు జారి పగిలింది.

మేడం ఉలిక్కిపడింది. "ఏమిటది?"

"బ్లాస్టింగు మేడం. రోజూ ఉండేదే."

టక్కు చప్పుడు కోసం చెవి పెట్టాను. రాలేదు. దీపం ఆరలేదు.

అవతలి వకీలు లేచాడు. చల్లటి గదిలో ఉన్నట్టున్నాడు, కోటు వేసుకున్నాడు. "కొమురెల్లి గారూ, పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళమని మా వాళ్ళు చెప్పినప్పుడు మీరు అక్కడ ఉన్నారా?"

"చెప్పలేదు."

"ఉన్నారా లేదా?"

"లేను. గనిల ఉన్న."

"అంటే చెప్పారో లేదో మీకు తెలియదు."

"నాకు తెలుసు."

"ఎట్లా తెలుసు? మీరు గనిలో ఉన్నారు కదా." అతను మేడం వైపు తిరిగాడు. "అంతే మేడం. ఈయనకు స్వయంగా తెలిసింది ఏమీ లేదు."

ఇదే జరుగుతుందని జగదీశ్వర్ నాకు ముందే చెప్పాడు. ఇక్కడే మన గొంతు పట్టుకుంటారన్నాడు. అందుకే నేను చెప్పవలసిన నాలుగు మాటల్లో ఆఖరిది ఒక పేరు. ఆ పేరు చెప్తే గట్టయ్యను సాక్షిగా పిలుస్తారు. రానంటే కుదరదు. దేవుని మీద ప్రమాణం చేయించి, యాదికి లేదని మేడం ముందర అనమంటారు. అంటే అబద్ధం. అనకపోతే దీప పని పోతుంది. సారవ్వ చెప్పింది నిజమే, అది తాడే. ఆ తాడు ఇప్పుడు నా చేతిలో ఉంది. నా గొంతు అతని చేతిలో ఉంది. చెయ్యి వదిలితే చాలు. పిడి దానంతట అదే పడుతుంది. అదురుకు పడిందంటాడు. ఎవరూ తప్పనరు. వాడలో అందరి మెయిన్లూ పడే ఉన్నాయి.

ముష్తాక్ నా వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు, చిన్నగా. ఇప్పుడొద్దు అన్నట్టు. బ్లాస్టింగు అయినంక, వాళ్ళ మెయిన్లు లేచినంక అన్నట్టు.

నేను గోడ వైపు తిరిగి, అవతలికి వినబడేటంత గట్టిగా చెప్పాను.

"ఉన్నోడు ఉన్నడు మేడం. మా బామ్మర్ది గట్టయ్య. పోశవ్వకు సొంత తమ్ముడు. ఆ రోజు పొద్దటి నుంచి దవాఖానలనే ఉన్నడు. ఎవలు ఏం చెప్పలేదని శవం ముంగట నాతోని చెప్పిండు. తర్వాత ఆయన బిడ్డకు ఆ దవాఖానలనే పని ఇచ్చిన్రు. అప్పటినుంచి యాదికి లేదంటున్నడు. ఆయనను పిలిచి అడుగుండ్రి."

"అభ్యంతరం మేడం," అన్నాడు వకీలు.

నేను అతన్ని చూడలేదు. మూడో దీపాన్ని చూశాను. పేరు నోట్లోంచి పోయింది, సందులోంచి పోయింది, గోడ అవతల పడింది. అవతల చప్పుడు లేదు. రెండో పేలుడు అయింది. మొదటిదానికంటే పెద్దది. బియ్యం డబ్బా కదిలింది, ఫోను ఒరిగింది. ముష్తాక్ పట్టుకున్నాడు. అవతల ఇంకో పెంకు పడింది. ఈసారి పెంకు పగిలిన చప్పుడు కాదు, మెత్తగా దేని మీదో పడి జారిన చప్పుడు. "ఆఁ," అన్నాడు గట్టయ్య. అంతే.

దీపం ఆరలేదు.

మేడం ఏదో రాసుకుంటోంది. "ఆ గట్టయ్య గారు ఎక్కడ ఉంటారు?"

"గోడ అవుతల."

"ఇప్పుడు ఉన్నారా? పిలవగలరా?"

ముష్తాక్ లేవబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉన్నడు మేడం. రాలేడు. ఆయన వస్తె నేను మీకు వినవడ."

ఆమెకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు. ఒక మనిషి మెయిను పిడి పట్టుకుని నిలబడ్డాడని కోర్టుకు చెప్తే, అది అతని తరఫున సాక్ష్యం అవుతుంది. అతని తరఫున నేను ఒక్క మాట కూడా చెప్పను.

గట్టయ్యకు సమన్లు పంపమని మేడం చెప్పింది. వచ్చే వాయిదాకు అతను ఏది చూశాడో, ఏది విన్నాడో వచ్చి చెప్పాలంది. నా మాటలు రికార్డు చేశామని చదివి వినిపించింది. "ఇవి మీరు చెప్పినవేనా?" అంది. అవునన్నాను. వేరే కేసు పిలిచారు. నా ముఖం ఫోనులోంచి పోయింది.

ఊపిరి పట్టలేదు. చాలాసేపు దగ్గాను. ముష్తాక్ నీళ్ళిచ్చాడు. జగదీశ్వర్ ఫోను చేసి, "అయింది కొమురెల్లీ, పడ్డది, రికార్డుల పడ్డది," అని సంతోషపడ్డాడు. నేను సరేనన్నాను.

రెండో సైరన్ మోగింది. బోరింగు దగ్గరి నుంచి జనం కదిలారు. ఇమాంబీ ఇంట్లోకి పోయింది, రెండో దీపం వెలిగింది. సారవ్వ కడియాలు వాకిట్లోకి వచ్చాయి. లోపలికి అడుగుపెట్టి, "ఓ అవ్వ! నెత్తురు!" అంది. "ఇగనన్న ఇడువు!"

గట్టయ్య పిడి వదల్లేదు. సందులోంచి, ఎన్నో ఏళ్ళ తర్వాత, నన్ను పిలిచాడు.

"బావ. అయ్యిందా?"

ముష్తాక్ నన్ను చూశాడు. నేను మంచం మీద బోర్లా ఉన్న ఫొటోను తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ మేకుకు తగిలిస్తున్నాను.

"కాకా, చెప్పు," అన్నాడు ముష్తాక్ గుసగుసగా. "పాపం, పట్టుకోని ఉన్నడు."

"నువ్వు కూసో," అన్నాను.

"నేను చెప్పనా?"

"కూసో అన్న."

"బావ?" అన్నాడు గట్టయ్య మళ్ళీ. చెయ్యి నొప్పి పెడుతున్న మనిషి గొంతు. పోశవ్వ ఆ రోజు ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలియదు. విన్నవాడు అతనే.

నేను డబ్బా ముందర కూచున్నాను. మూడో దీపం ఆకుపచ్చగానే ఉంది. దాన్నే చూస్తూ కూచున్నాను.